పీహెచ్‌డీ కోసం పోయినవాణ్ణి పలికించిన వైనం

ముందే చెప్పేస్తున్నాను, తరవాత మోసపోయామని అనొద్దు: నేను కోతలు కోస్తాను. నేను ఏనుగు అని రాసిన చోట మీరు గేదె అని చదువుకోండి. గేదె అని రాసిన చోట అసలు అక్కడ జంతువేదైనా ఉందా అని అనుమానపడండి. మా ఇంట్లోవాళ్ళు నా మాటల్లో సగం తీసేసి వింటారు. మా ఆవిడ ఆ మిగిలిన సగంలోనూ సగమే నమ్ముతుంది. కానీ ఇప్పుడు చెప్పబోయే సంగతికి నా కోతలు కూడా చాలవు. బైలాడిల్లా కొండ మీంచి ఇనుపరాయి లారీ దొర్లుకుంటూ వచ్చి మీద పడినా నాకు అంత నాశనం జరిగేది కాదు. లారీ పడితే కనీసం నలుగురు అయ్యో అంటారు. నాకు జరిగినదాంట్లో తప్పంతా నాదే కావడంతో ఆ అయ్యో కూడా దక్కలేదు.

నవ్వుకోండి. నవ్వించడానికే రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నవ్వు ఆగిపోతే పక్కవాళ్ళను మీ వీపు తట్టమనండి, పొలమారినట్టు కనిపిస్తుంది.

నేను పుట్టి పెరిగింది బచేలిలో. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి కిరండూల్ లైన్లో ట్రాక్‌మన్‌గా చేరాడు. ఎండనక వాననక పట్టాల వెంట నడిచి ఎక్కడ బోల్టు వదులైందో చూడటం ఆయన పని. మా రైల్వే క్వార్టరు పట్టాలకు ఎంత దగ్గరంటే, గూడ్సు బండి గార్డు మా వంటింట్లో కూర రంగు చూసి ఏం కూరో చెప్పగలడు. ఇనుపరాయి దుమ్ము వల్ల లోకంలో తెల్లచొక్కా అనేది ఒకటుంటుందని నాకు హైస్కూలుకి వెళ్ళేదాకా తెలియదు. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ, సంతలో హల్బీ, ఆడుకునేచోట గోండీ. మా దగ్గర భాషలు నేర్చుకోవడం ఉండదు, జలుబులా అంటుకుంటాయి.

జగదల్‌పూర్‌లో సైకాలజీ ఎం.ఏ. చదివాను. నాకొచ్చిన మార్కులకు ఆ సీటు మిగిలింది కాబట్టి చేరాను. చేరాక మాత్రం నిజంగానే పిచ్చెక్కింది. ముఖ్యంగా జ్ఞాపకం గురించిన పాఠాలు. జరగని సంగతినైనా సరే, తెలిసినవాడిలా కనిపించే మనిషి నమ్మకంగా చెబితే, వినేవాడి మనసు దాన్ని లోపల పెట్టేసుకుంటుందట. తరవాత తీయడం మహా కష్టమట. పరీక్షలో దాని మీద ప్రశ్న వస్తే అదనపు కాగితాలు అడిగి అడిగి రాశాను. క్లాసులో నాకే ఎక్కువ మార్కులు. ఈ సంగతి మీరు కొంచెం గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఎం.ఏ. అయ్యాక పీహెచ్‌డీ వేట మొదలైంది. వేట అని ఎందుకంటున్నానంటే, నేను లేడిని. మెదడు, మనసు, నాడి, నిద్ర, ఈ నాలుగు మాటల్లో ఏ ఒక్కటి బోర్డు మీద ఉన్నా సరే, ఆ లాబు ప్రొఫెసరుకి నా మెయిల్ వెళ్ళేది. కన్యాకుమారి నుంచి కశ్మీరు దాకా నేను దణ్ణం పెట్టని ప్రొఫెసరు లేడు. ఎక్కువమంది జవాబే ఇవ్వలేదు. కొందరు ‘మా దగ్గర ఖాళీ లేదు’ అన్నారు. ఒకాయన ‘మీ ఉత్సాహం నచ్చింది, ఖాళీ లేదు’ అని రాస్తే ఆ ముక్క పట్టుకుని మా నాన్నకు మూడు పూటలా చదివి వినిపించాను. ఇంకో ప్రొఫెసరు నుంచి ఆయన సెలవులో ఉన్నారన్న మెయిల్ దానంతటదే వచ్చింది. అన్నిటికన్నా మర్యాదగా ఉన్న జవాబు అదే. దానికి కూడా ధన్యవాదాలు రాశాను. దానికి కూడా వెంటనే జవాబొచ్చింది, ఆయన సెలవులో ఉన్నారని. కొన్నాళ్ళు అలా మా ఉత్తరప్రత్యుత్తరాలు బాగానే నడిచాయి.

ఒకే ఒక్కసారి ఫోన్లో వీడియో ఇంటర్వ్యూ దాకా వెళ్ళాను. తెర మీద పెద్దవాళ్ళు వరసగా కూర్చున్నారు. జ్ఞాపకాలను భద్రం చేయడంలో మెదడులో ఏ భాగానిది ముఖ్యమైన పాత్ర అని అడిగారు. నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు కిరండూల్ నుంచి ఇనుపరాయి గూడ్సు దిగింది. మా క్వార్టర్లో గూడ్సు వెళ్తుంటే ఫోను, గోడ, మనిషి మూడూ ఒకేసారి వణుకుతాయి. నేను జవాబు చెబుతూనే ఉన్నాను, పెట్టెలు వెళ్తూనే ఉన్నాయి. వాటికి అంతంటూ ఉంటుందా? భూగోళం చుట్టూ తిరిగి ఇంజను మళ్ళీ మా గుమ్మం ముందుకే వచ్చిందని నా నమ్మకం. చప్పుడు ఆగేసరికి తెర మీదివాళ్ళు చేతులు ఊపి సెలవు తీసుకుంటున్నారు.

సాయంత్రం నాన్న డ్యూటీ దిగి వచ్చి సుత్తి గోడకు ఆనించాడు.

“ఏట్రా అప్పలా, ఆల్లు ఏటన్నారు?”

“వినబడలేదన్నారు నాన్నా.”

“వినబడలేదా, నువ్వు సెప్పింది బాగోలేదా?”

“మధ్యలో గూడ్సు వచ్చింది.”

“గూడ్సు మీద ఎట్టకు. నేను ఈ పట్టాలు సూస్తన్న కాణ్ణించి ఏ బండీ ఒవుడి ఉద్దోగం ఎత్తుకెల్లలేదు.” కాళ్ళు కడుక్కుని మళ్ళీ అందుకున్నాడు. “పిల్లనిత్తామన్నోలు మొన్నొచ్చి నీ కుర్రోడు ఏటి సేత్తన్నాడని అడిగినారు. మెదడు మీద పని సేత్తన్నాడని సెప్పినాను.”

“మంచిదే కదా.”

“పిచ్చాసుపత్రిలోనా అనడిగినారు. లోపలున్నాడా, బైటున్నాడా అని కూడా అడిగినారు. ఏటి సెప్పమంటావు?”

నాన్నకు రిటైర్మెంటు దగ్గరపడింది. ఆ తరవాత క్వార్టరు ఖాళీ చేయాలి. నాకేమో ఫెలోషిప్పు ఇచ్చే వయసు గీత కూడా కనుచూపు మేరలోకి వచ్చేసింది. అది దాటితే నేను ఎన్ని పుస్తకాలు మింగినా ఎవరూ తీసుకోరు. ఆ ఏడాది దొరికితే దొరికినట్టు, లేకపోతే నా సైకాలజీని మా వీధి కుక్కలకు చెప్పుకోవాలి.

అలాంటి సమయంలో పడింది ఆ ప్రకటన. దూరాన ఒక పెద్ద నగరంలోని మెదడు శాస్త్రం లాబు. ఒకే ఒక్క పీహెచ్‌డీ సీటు, ఫెలోషిప్పుతో సహా. సొంతవాళ్ళు పోయినప్పుడు మిగిలినవాళ్ళ జ్ఞాపకం ఎలా పనిచేస్తుందన్నది అంశం. ముందు ఊళ్ళలో తిరిగి మాటలు రికార్డు చేయాలి. తరవాత, ఒప్పుకున్నవాళ్ళకు తల మీద వైర్ల టోపీ పెట్టి, ఆ జ్ఞాపకం వచ్చినప్పుడు మెదడులో ఏం కదులుతోందో చూడాలి. అభ్యర్థికి తెలుగు, హిందీ బాగా రావాలి, బస్తర్ సరిహద్దు ఊళ్ళు తెలిసుండాలి, అక్కడి దోర్లీ భాష వస్తే మరీ మంచిది. నా జాతకం ముందు పెట్టుకుని రాసినట్టే ఉంది. దరఖాస్తులో తెలుగు అద్భుతం, హిందీ అద్భుతం, దోర్లీ అద్భుతం అని రాశాను. దోర్లీలో నాకు నీళ్ళు అడగడం వచ్చు, దారి అడగడం వచ్చు. చెప్పిన దారి అర్థం కాదు.

ప్రొఫెసరు గారు ఫోన్ చేశారు. పేరు మాధురి. మరాఠీ ఆవిడ, తెలుగు రాదు. మాట మెత్తన, మనిషి గట్టి.

“అప్పల్‌రాజ్ జీ, మీ పేరే ముందుంది,” అన్నారు హిందీలో. “నేనే కోంటా వైపు వస్తున్నాను. ఒక రోజు నాతో ఊళ్ళో దుబాసీగా కూర్చోండి. అదే మీ ఆఖరి ఇంటర్వ్యూ. అక్కడివాళ్ళకు హిందీ వచ్చా?”

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ ప్రశ్నకు జవాబు బస్తర్‌లో మేకపిల్లకైనా తెలుసు. పొద్దున తెలుగులో లేచి, మధ్యాహ్నం హిందీలో బజారు చేసి, సాయంత్రం దోర్లీలో పోట్లాడుకునే ఊళ్ళవి. పుట్టినప్పటి నుంచీ అలాంటివాళ్ళ మధ్యే తిరుగుతున్నాను. అయినా ఆ సీటుకీ నాకూ మధ్య ఇంకెవరూ రాకూడదన్న ఆబలో నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఒక్క ముక్క రాదు మేడమ్. నేను లేకపోతే మీరు దాహమేసినా నీళ్ళు అడగలేరు.”

అబద్ధం చెప్పేవాడికి ఉండాల్సిన కనీస లక్షణం, తను చెప్పింది అబద్ధమని గుర్తుండటం. నాకు అది కూడా లేదు. జీపు సుక్మా దాటేసరికి ఆ మాట నేనే పూర్తిగా నమ్మేశాను.

బీడీలు చుట్టే తునికాకు కోత రోజులవి. ఎండ ఎలా ఉందంటే, దారిలో ప్రతి చెక్‌పోస్టు దగ్గరా జీపు దిగి పేరు చెప్పేలోపే సగం కరిగిపోయి, మిగతా సగం మాత్రమే మళ్ళీ జీపెక్కేవాణ్ణి. మరైగూడ దగ్గర ఒక చిన్న ఊరు. ఇంటి ముందు పందిరి కింద ఒక పెద్దావిడ కూర్చుని తునికాకులు కట్టలు కడుతోంది. పేరు ముత్తమ్మ. మొగుడు మిర్చి ఏరడానికి తెలంగాణ వైపు కూలికి పోయి, అక్కడ జ్వరం తగిలి, భద్రాచలం ఆసుపత్రిలో పోయాడు. మాట్లాడటానికి ఆవిడ ముందే ఒప్పుకుంది.

మేడమ్ రికార్డరు ఆన్ చేసేముందు నన్ను పక్కకు పిలిచారు.

“ఒక్కటే నియమం. ఆవిడ ఎంత చెబితే అంతే చెప్పండి. ఒక మాట తగ్గొద్దు, ఒక మాట పెరగొద్దు.”

“మీకా అనుమానమే వద్దు మేడమ్.”

నాకు మాట పెంచొద్దని చెప్పడమంటే చేపకు తడవొద్దని చెప్పడం. కానీ అది మేడమ్‌కు తెలియదు, చేపకు గుర్తులేదు.

“అవ్వా, బాగున్నావేటి?” అని మొదలుపెట్టాను.

ముత్తమ్మ ఆకులు సర్దుతూనే నవ్వింది. “నువ్వు రైలోళ్ళ పిలగానివా? మాట రైలు తీరే ఉన్నది, ఊగుకుంట వస్తున్నది.”

“బచేలి, అవ్వా.”

“ఆమె ఎవలు? డాక్టరమ్మనా?”

“పెద్ద డాక్టరు,” అన్నాను. పీహెచ్‌డీ డాక్టరూ డాక్టరే కదా, అంత వివరం ఇప్పుడెందుకని. చూశారా, అక్కడే మొదటి ఇటుక పెట్టాను. “మీ ఆయన సంగతి సెప్పమంటన్నారు.”

“ఏముందయ్యా. పోయిండు.”

అంతే. మళ్ళీ ఆకుల్లోకి చూపు. మేడమ్ కలం పట్టుకుని నా వైపు చూస్తున్నారు. హిందీలో ఆ మాట చెప్పాలంటే గట్టిగా ఒక రెప్పపాటు. ఇంత దూరం జీపులో వచ్చి, ఇన్ని చెక్‌పోస్టులు దాటి, రెప్పపాటు దుబాసీతనం చేస్తే నాకు సీటెవరిస్తారు? పుస్తకంలో తెల్ల కాగితం నన్ను చూసి పళ్ళికిలించింది.

“పోయారు మేడమ్,” అన్నాను గొంతు తగ్గించి. “ఆయన పోయిన రోజు నుంచీ ఈ గుమ్మంలో తెల్లవారడం లేదంటోంది.”

మేడమ్ తల ఊపి రాసుకున్నారు. ముత్తమ్మ నన్ను ఓరగా ఒకసారి చూసింది. నా హిందీ ఆవిడకు నచ్చినట్టుంది అనుకున్నాను.

“ఎలా తెలిసిందో అడగండి,” అన్నారు మేడమ్.

అడిగాను.

“ట్రాక్టరు మీద తెచ్చిన్రు. చూసిన.”

ఇది ‘పోయిండు’ కన్నా కొంచెం నయం. ట్రాక్టరుంది, పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికింది. ఇక ఆ ట్రాక్టరును నేను ఊరి పొలిమేర నుంచి పందిరి దాకా తోలుకొచ్చిన తీరు చూడాలి. దూరాన చప్పుడు వినగానే ఆవిడ చేతిలో చెంబు జారడం, కోళ్ళు చెదరడం, డ్రైవరు తల దించుకుని ఇంజను ఆపకుండా కూర్చోవడం, అన్నీ పెట్టాను. చెబుతుంటే నా కళ్ళల్లోనే నీళ్ళు తిరిగాయి. మేడమ్ కలం పరిగెత్తుతోంది. పీహెచ్‌డీ సీటు నా వైపు పాకుతూ వస్తున్నట్టే అనిపించింది.

ముత్తమ్మ చేతిలో కట్ట పక్కన పెట్టింది. “గింత పొడుగు చెప్పిన్నా నేను?”

“హిందీలో అంతే అవ్వా. పొడుగైపోద్ది.”

“గట్లనా,” అంది. ఇంకో కట్ట అందుకుంది.

ఆ ‘గట్లనా’ దగ్గరే బుద్ధున్నవాడైతే ఆగిపోయేవాడు. నాకు బుద్ధి ఉంది, కానీ ఆ రోజు దాన్ని బచేలిలో వదిలేసి వచ్చాను.

మేడమ్ రికార్డరును కొంచెం దగ్గరకు జరిపారు. “ఇప్పుడు మెల్లిగా అడగండి. ఆయన ఆఖరి ఘడియల గురించి ఆవిడకు ఏమైనా తెలుసా? చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేద్దాం.”

నేను అడిగాను. ముత్తమ్మ చేతిలో కట్ట ఒళ్ళో పెట్టుకుంది. ఆకు మీద ఆకు పేర్చింది. తరవాత నా వైపు చూడకుండానే చెప్పింది.

“నేనాడ లేను. పక్కపొంటి ఎవ్వలు లేరంట. పొద్దుగాల చూస్తే పోయి ఉన్నడంట. ఏమన్న అన్నడో, ఏం అనలేదో నాకు తెల్వది.”

ఇంతకన్నా చెప్పడానికి ఏముంది చెప్పండి. ఎవరూ లేని మంచం, తెలియని ఆఖరి మాట. మెదడు శాస్త్రానికి కావలసింది అదే. ‘నాకు తెల్వది’ అన్న ఆ ఒక్క మాట వినడానికే మేడమ్ అంత దూరం నుంచి వచ్చారు. కానీ నాకది జవాబులా అనిపించలేదు. ఖాళీ చోటులా కనిపించింది. ఖాళీ చోటు కనిపిస్తే నేను నింపకుండా ఉండలేను. బస్సులో సీటు మధ్య సందు కనిపిస్తే దూరేవాళ్ళుంటారు చూడండి, అలా.

“ఆవిడ అక్కడ లేదు మేడమ్,” అన్నాను. “తరవాత అక్కడున్నవాళ్ళు చెప్పారట. ఊపిరి పోయేముందు ఆయన కళ్ళు తెరిచి, ‘ముత్తమ్మా, ముత్తమ్మా’ అని పిలిచాడట.”

ఆకుల చప్పుడు ఆగిపోయింది.

“ఎవలు చెప్పిన్రు?” అంది ముత్తమ్మ.

“ఏటి అవ్వా?”

“నన్ను పిలిచిండని. నీకెవలు చెప్పిన్రు?”

నేను మేడమ్ వైపు చూశాను. ఆవిడ కూడా మేడమ్ వైపు తిరిగింది. తిరిగి, హిందీలో, నా అద్భుతమైన హిందీ కన్నా శుభ్రమైన హిందీలో అడిగింది. “మేడమ్‌జీ, మా ఆయన నా పేరు పిలిచాడని ఈ బాబుకి ఆసుపత్రి వాళ్ళు చెప్పారా?”

మేడమ్ ముందు ఆవిడను చూశారు. తరవాత నన్ను చూశారు. ఆ చూపు ఇప్పటికీ నా వీపు మీద ఎక్కడో అంటుకుని ఉంది, సబ్బుకు పోవడం లేదు.

“మీకు హిందీ వచ్చా?” అని అడిగారు ఆవిణ్ణి.

“రేషన్ షాపులో హిందీ, బ్యాంకులో హిందీ, తుపాకి పట్టుకున్నవాడు దారిలో ఆపితే హిందీ. రాకుండా ఎలా బతుకుతాం మేడమ్‌జీ?” తరవాత నాతో తెలుగులో అంది, “నువ్వు తెలుగుల అడిగినవు, నేను తెలుగుల చెప్పిన.”

“మరి ఇందాక నేను పొడుగు సెప్తంటే ఊరుకున్నావేటి అవ్వా?”

“తెల్లారకపోవుడు, చెంబు జారుడు, గవి మాటలే గదా. మంచిగ చెప్తున్నవు తియ్యి, నాకు రాని మాటలు అనుకున్న. గిది గట్ల కాదు.” కొంచెం ముందుకు వంగింది. “డాక్టరమ్మ అంటివి. ఆసుపత్రి కాడ అడిగి, తెలుసుకోనే వచ్చిన్రనుకున్న. చెప్పు బిడ్డా. పిలిచిండా?”

నా బుర్రలో అప్పుడు జరిగింది ఏ వైర్ల టోపీకీ అందదు. ఒక పక్క పీహెచ్‌డీ సీటు. అవును, ఆసుపత్రిలోనే చెప్పారు అన్నానంటే మేడమ్ నమ్మినా నమ్మవచ్చు. ముందే ఊరి సంగతి కనుక్కుని వచ్చిన శ్రద్ధగల అభ్యర్థి అని మెచ్చుకున్నా మెచ్చుకోవచ్చు. ఇంకో పక్క ఆ పెద్దావిడ ముఖం. జ్ఞాపకం పరీక్షలో అదనపు కాగితాలు అడిగి మరీ నేను రాసిన జవాబంతా అప్పుడు, సరిగ్గా అప్పుడు, పేజీలు పేజీలుగా గుర్తొచ్చింది. తెలిసినవాడిలా కనిపించే మనిషి. నమ్మకంగా చెప్పిన మాట. లోపల పెట్టేసుకునే మనసు. పుస్తకంలో ఆ పాఠానికి ఉదాహరణ లేదని అప్పట్లో విసుక్కున్నాను. ఇదిగో, పందిరి కింద కూర్చుని ఉంది.

“లేదు అవ్వా,” అన్నాను. “ఎవరూ సెప్పలేదు. నేనే కల్పించినాను. ఆయన ఏటన్నాడో నాకు తెల్దు.”

ముత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది. తరవాత నవ్వింది. పళ్ళన్నీ కనబడేలా, పందిరి మీద కాకి లేచిపోయేలా నవ్వింది.

“నేను అప్పుడే అనుకున్న,” అంది. “లగ్గమైన కాన్నుంచి నన్ను ‘ఏయ్’ అన్నడు గని, ఒక్కనాడు పేరు పెట్టి పిల్వలే. సచ్చేటప్పుడు కొత్తగ నేర్చుకుంటడా?”

దెబ్బ ఎక్కడ తగిలిందో చూశారా? భాష సంగతి వదిలేయండి. మా వైపు ఏ మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచాడు? మా నాన్న మా అమ్మను ‘ఏయ్’ అంటాడు. మా అమ్మ మా నాన్నను ‘ఇంటన్నావేటి’ అంటుంది. రైల్వే క్వార్టర్లలో ఎవరి పెళ్ళాం పేరు ఏమిటో రేషన్ కార్డులో చూసి తెలుసుకోవాల్సిందే. ఆ గాలిలో పెరిగిన నేను, కోంటా పక్క ఊళ్ళో కూలి చేసుకునే పెద్దమనిషి చేత, ప్రాణం పోయేటప్పుడు, పట్నం మొగుడిలా పెళ్ళాం పేరు పిలిపించాను. అబద్ధం ఆడటానికైనా ఒక పద్ధతి ఉండొద్దా? ‘ఏయ్’ అన్నాడని చెప్పి ఉంటే నేను ఈపాటికి డాక్టర్ అప్పల్రాజుని.

మేడమ్ రికార్డరు ఆపేశారు. ఆవిడకు చేతులు జోడించి, హిందీలో క్షమాపణ చెప్పారు, నా తరఫున కూడా. జీపులో కోంటా వచ్చేదాకా నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. నేను నోరు విప్పకుండా అంత దూరం ప్రయాణం చేయడం పుట్టాక అదే మొదలు.

దిగేముందు అన్నారు. “అప్పల్‌రాజ్ జీ, మీరు జ్ఞాపకం మీద పరిశోధన చేయడానికి వచ్చారు. ఇక్కడ ఒక జ్ఞాపకం తయారుచేశారు. ఈ రోజు రికార్డు చేసినదేదీ పనికిరాదు. ఆవిణ్ణి మళ్ళీ అడగడానికి కూడా లేదు. ఇప్పుడు ఆవిడ ఏం చెప్పినా అందులో మీరుంటారు.”

“మేడమ్, ఒక్క అవకాశం...”

“మీకు అబద్ధం చెప్పడం వచ్చినందుకు కాదు వద్దంటున్నది. ‘తెలియదు’ అన్న మాట మీకు వినపడనందుకు.”

ఆ మాటకు జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాను. దొరికితే ముందు మీకే కోసి చెబుతాను.

ఇంటికి చేరేసరికి నాన్న గుమ్మంలో కూర్చుని బూట్లకు అంటిన ఎర్రమట్టి గీకుతున్నాడు.

“ఏటైనాది?”

“పోయింది నాన్నా. ఉన్నదానికన్నా ఎక్కువ సెప్పేశాను.”

“అది ఎప్పుడూ ఉన్నదే. కొత్తగా ఏటైనాదని అడుగుతన్నాను.”

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆ ఒక్కసారి మాత్రం ఒక్క మాట పెంచకుండా చెప్పాను. అందుకే కాబోలు, చాలా తొందరగా అయిపోయింది. నాన్న గీకడం ఆపి, బూటు పక్కన పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు. గూడ్సు వెళ్తుంటే గోడలు వణికాయి. ఆ రోజు దాని మీద కూడా నెపం పెట్టడానికి వీల్లేకపోయింది.

ఆ సీటు ఇంకొకరికి వెళ్ళింది. నా వయసు గీత దాటిపోయింది. నాన్న రిటైరయ్యాడు, క్వార్టరు ఖాళీ చేశాం. ఇప్పుడు ఒక ప్రైవేటు బళ్ళో హిందీ చెబుతున్నాను. పిల్లలకు అనువాదం అభ్యాసం ఇచ్చినప్పుడు, ఉన్నదానికన్నా ఒక్క మాట ఎక్కువ రాసినవాడికి సున్నా వేస్తాను. జాలి లేని మాస్టారని పేరు. వాళ్ళకేం తెలుసు, నాకొచ్చిన సున్నా ఎంత పెద్దదో.

కాబట్టి, దంతేశ్వరి తల్లి సాక్షిగా, బైలాడిల్లా కొండ సాక్షిగా, ఇన్నాళ్ళూ నన్ను భరిస్తూ వచ్చిన మా ఆవిడ సాక్షిగా, చెప్పులు విప్పి తూర్పు తిరిగి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ పోయినవాళ్ళ నోట మాట పెట్టను. పెడితే గిడితే బతికున్నవాళ్ళ నోటే పెడతాను. కాకపోతే కాదనడానికి వాళ్ళకు నోరుంటుంది.

పెట్టాను కూడా, ఈ కథలోనే. ఇందులో గూడ్సు నిజం. సెలవులో ఉన్న ప్రొఫెసరు నిజం. ట్రాక్టరు నిజం. కాకి ఉంది, కానీ లేచిపోలేదు. ‘ఏయ్ అన్నడు గని పేరు పెట్టి పిల్వలే’ అన్న మాట ముత్తమ్మది కాదు. మా నాన్న గురించి మా అమ్మ అనే మాట తెచ్చి ఆవిడకు ఇచ్చాను. ఆవిడ నవ్వలేదు.

నేనే కల్పించినాను అని రెండుసార్లు చెప్పాను, ఒకసారి తెలుగులో, ఒకసారి హిందీలో. రెండూ ఆవిడకు వచ్చిన భాషలే. వినపడనట్టే ఊరుకుంది. ఒళ్ళో ఆకులు తీసి కింద పెట్టి, నాకు ఇంకొంచెం దగ్గరగా జరిగి అడిగింది.

“ఇంకేమన్నడు?”